ఏడో నంబరు నడక

నా ఎడమ కాలికి ఏ జబ్బూ లేదు. ఇరవై రెండేళ్ళుగా కుంటుతున్నాను. ఈ సంగతి తెలిసిన మనిషి నా భార్య అప్పలనర్సమ్మ ఒక్కతే. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇక ఎవరికీ తెలిసే దారి లేదనుకున్నాను. అప్పుడు నీలిమ వచ్చింది.

మార్చి నెల. పొద్దున్న పదకొండు గంటలు. రుఆబాంధాలో నా కొడుకు మనోహర్‌కి ఉక్కు కంపెనీ ఇచ్చిన క్వార్టరు వరండాలో పేపరు చదువుతున్నాను. మనోహర్ ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి. మగవాడిలా కత్తిరించిన జుట్టు, ప్యాంటు, భుజాన నల్ల సంచి. గేటు తీసుకుని వస్తూ ఆమె నా ముఖం చూడలేదు. నేను కుర్చీలోంచి లేస్తుంటే నా మోకాలు చూసింది.

నాకు అప్పుడే నచ్చలేదు.

"నమస్తే అంకుల్. లేవకండి, కూర్చోండి."

పక్కన కుర్చీ ఉండగా తను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కింద కూర్చున్న మనిషికి ఎదుటివాడి కాళ్ళు బాగా కనిపిస్తాయి.

"నాన్నా, ఈవిడ డాన్సరు," అన్నాడు మనోహర్. "ఉత్త డాన్సరు కాదు. రాయపూర్‌లో రిసెర్చి కూడా చేస్తన్నాది. కోక్ ఓవెన్ మీద పనిచేసినోళ్ళు ఎలాగ నడుస్తారో మిషనెట్టి కొలుస్తాదట."

"కొలిసి ఏటి చేస్తాది?"

"డాన్స్ చేస్తాను అంకుల్," అని ఆమే చెప్పింది. సగం తెలుగు, సగం హిందీ. "మీరు పాతికేళ్ళు వేడి మీద నడిచారు కదా. మీరు పని మానేశారు. లేకిన్ ఒళ్ళు మానలేదు. అది ఇప్పటికీ డ్యూటీలోనే ఉంటాది. నాకు అది చూడాలి."

"కుంటోడి నడకలో ఏటుంది సూడ్డానికి?"

"అందరి నడకలోనూ ఉంటాది."

ఎవరు పంపారని అడిగాను. ఎవరూ పంపలేదంది. ఎవరూ పంపకుండా ఎవరూ రారు. కాగితం ఉందా అన్నాను. ఉంది. కాలేజీ ముద్ర, కింద రెండు సంతకాలు, అంతా ఇంగ్లీషు. నేను మా ఊరి బడిలో ఎనిమిది చదివాను. కాగితం అటూ ఇటూ తిప్పి ఇచ్చేశాను.

"నా పేరు నీకెవలు సెప్పారు?"

"మా నాన్న. చిన్నారావు. క్యాంప్ వన్."

పేపరు మడిచి పక్కన పెట్టాను.

చిన్నారావు, నేను ఒకే ఏడాది శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చాం. ఒకే గ్యాంగులో పనిచేశాం. బొగ్గును కోక్‌గా మార్చే పొయ్యిలు వరసగా, పెద్ద గోడలా ఉంటాయి. దాన్ని బ్యాటరీ అంటారు. ఆ గోడ పైకప్పు మీద తిరుగుతూ పొయ్యిల మూతలు తీసి, బొగ్గు పడ్డాక మళ్ళీ మూయడం మా పని. అక్కడ రబ్బరు అడుగు కరిగిపోతుంది. అందుకని చెక్క అడుగుల చెప్పులు కట్టుకునేవాళ్ళం. ఒకచోట నిలబడేవాళ్ళం కాదు. అడుగు ఆనీ ఆనకముందే తీసేయాలి. ఆ నడక వచ్చినవాడికి కాళ్ళు మిగిలేవి.

2003లో నేను బ్యాటరీ మెట్ల మీద జారి పడ్డాను. మోకాలు వాచింది. రెండు నెలల్లో తగ్గింది. తగ్గిందని నేను చెప్పలేదు. మనిషి ఇక పనికి రాడని డాక్టర్లు తేలిస్తే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి అప్పట్లో ఉండేది. దాన్ని ఎత్తేస్తారని అందరూ అనుకుంటున్నారు. మనోహర్ ఐటీఐ పూర్తిచేసి ఖాళీగా తిరుగుతున్నాడు. అదే ఏడాది చిన్నారావు కూడా దరఖాస్తు పెట్టాడు. వాడి నడుము నిజంగానే పోయింది. వంగితే లేవడానికి ఇంకొకడు చెయ్యి ఇవ్వాలి. వాడి కాగితం మీద మందులతో నయమవుతుందని రాశారు. నా కాగితం మీద తొడ నరం చచ్చిపోయిందని, నయం కాదని రాశారు. నా కొడుక్కి ఉద్యోగం వచ్చింది. వాడి కూతురికి రాలేదు.

ఆ కూతురు ఇప్పుడు మిషను పట్టుకుని నా వరండాలో కూర్చుంది.

మనోహర్‌కి ఏమీ తెలియదు. తండ్రి కాలు పోయి తనకు అన్నం పెట్టిందని వాడి నమ్మకం. నలుగురిలోనూ అదే చెబుతాడు. మిషను నిజం చెబితే వాడి ఉద్యోగం పోతుంది. దానికంటే ముందు, తన బతుకు దొంగతనం మీద నిలబడిందని వాడికి తెలుస్తుంది. అది తెలియకూడదు. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదొక్కటే.

రానన్నాను.

"మిగతా ఆరుగురూ ఒప్పుకున్నారు అంకుల్. మీ గ్యాంగులో ఇంక మీరొక్కరే. ఏడో మనిషి."

"ఎల్లు నాన్నా," అన్నాడు మనోహర్. "మా డిపార్టుమెంటులో కూడా అనుకుంటన్నారు. ఏటవుద్ది, పది అడుగులే కదా."

ఆరుగురు నడిచి నేనొక్కడినీ నడవనంటే, అందరూ అడిగేది ఒకటే. ఎందుకని. వస్తానన్నాను.

కుంటడం ఎవరికైనా వస్తుందనుకుంటారు. రాదు. నాలుగు అడుగులు ఎవడైనా కుంటుతాడు. డాక్టరు తిరగమంటాడు, మెట్టు ఎక్కమంటాడు, మంచం దిగమంటాడు. తిరిగేటప్పుడు దొరికిపోతారు. నాకు దగ్గరగా తెలిసిన కుంటి నడక ఒకటే. నర్సమ్మది.

ఆమెకు మూడో ఏట పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నం, రెండంగుళాలు పొట్టి. అడుగు వేసినప్పుడల్లా అరచేత్తో తొడను నొక్కి పట్టేది, లేకపోతే మోకాలు మడతపడిపోతుంది. మాది కుండమార్పిడి సంబంధం. నా చెల్లెల్ని వాళ్ళ అన్నకు ఇచ్చి, ఆమెను నాకు చేశారు. చెల్లెలి కాపురం కోసం ఒప్పుకున్నాను. ఆ మాట నర్సమ్మతో చాలాసార్లు అన్నాను. బజారుకు వెళితే నేను ముందు పోయేవాడిని. ఆమె ఎంత వెనక ఉందో తిరిగి చూసేవాడిని కాదు.

ఆ ఏడాది నెల రోజులు, మధ్యాహ్నం పూట తలుపు వేసి, ఆమెను గదిలో నడిపించాను. నేను వెనక నడిచాను. నడు. ఆగు. తిరుగు. మళ్ళీ నడు. నడుము ఎటు వంగుతోంది, కుడి భుజం ఎంత లేస్తోంది, చెయ్యి తొడ మీద ఎప్పుడు పడుతోంది, అన్నీ పట్టాను. ఒకరోజు ఆమె గోడకు ఆనుకుని రొప్పుతూ అంది.

"ఇరవయ్యేళ్ళకి నా కాలు వొంక సూసినావు."

ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత క్యాంప్ వన్ వదిలి, మమ్మల్ని ఎవరూ ఎరగని చోటని రుఆబాంధాకు మారాం. మారిన వారానికి నాకు బుర్ర పనిచేసింది. ఒకే ఇంట్లోంచి ఇద్దరు మనుషులు ఒకేలా కుంటుతూ బయటికి వస్తే ఎవరైనా చూస్తారు. ఇద్దరిలో ఒకరు ఆగాలి. నేను ఆగడానికి లేదు. నర్సమ్మను బయటికి రావద్దన్నాను. రాలేదు. పద్దెనిమిదేళ్ళు రాలేదు. ఆసుపత్రికి వెళ్ళాలంటే ఆటోను గుమ్మంలోకి తెప్పించేవాడిని. చివరిసారి గుమ్మంలోకి వచ్చింది ఆటో కాదు.

కార్మికుల బస్తీ క్యాంప్ వన్‌లో, సందు చివర చిన్న హాలు. పెళ్ళిళ్ళకు, మీటింగులకు వాడతారు. నేను వెళ్ళేసరికి చిన్నారావు గుమ్మంలోనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నడుముకు దిండు పెట్టుకుని కూర్చున్నాడు.

"రా రా, మిల్లు బాబు గారి తండ్రీ! రుఆబాంధా గాలి బాగా పడ్డాది నీకు. పొట్టొచ్చీసింది."

"నీ నడుం ఎలాగున్నాది?"

"నా నడుముకేటి? మందులకి నయమైపోద్దని రాసినారు కదా. ఇరవై రెండేళ్ళ నుంచి నయమవుతానే ఉన్నాది."

నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ మాటలో నా కోసం ఏమన్నా పెట్టాడా అని చూశాను.

"అంకుల్ కాదే, మావయ్య అను," అన్నాడు కూతురితో. "ఈడూ నేనూ ఒక మూకుడులో తిన్నోళ్ళం."

నీలిమ ముందు టేపు తీసింది. ముట్టుకోవచ్చా అని అడిగి, నడుము ఎముక దగ్గర నుంచి చీలమండ దాకా రెండు కాళ్ళూ కొలిచింది. నోటు పుస్తకంలో రాసుకుంది. మెడ చాచి చూశాను. పైన పేరు లేదు. ఏడు అంకె ఉంది.

"పేరు రాయవేటి?"

"రాయకూడదు. రూల్. మీరు ఏడో నంబరు. ఏ నంబరు ఎవరిదో బయట ఎవరికీ తెలీదు."

ప్లాంటులో కూడా మాకు నంబర్లే ఉండేవి. కావలసినవాడికి నంబరు వెనక పేరు దొరికేది.

అగ్గిపెట్టెలంత బూడిదరంగు డబ్బాలు నా చీలమండలకు, మోకాళ్ళకు, తొడలకు, నడుముకు, మణికట్లకు పట్టీలతో బిగించింది. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడవమంది. నడిచాను. తిరగమంది. తిరిగాను. నాలుగుసార్లు.

"ఇప్పుడు వందలోంచి మూడు మూడు తీసేస్తూ, గట్టిగా చెప్తూ నడవండి."

"ఎందుకు?"

"దిమాగ్ లెక్కలో ఉంటే కాలు దానంతటదే నడుస్తాది. అసలు నడక అప్పుడొస్తాది."

ఉచ్చు ఎక్కడుందో తెలిసింది. నడిచాను. తొంభై ఏడు, తొంభై నాలుగు, తొంభై ఒకటి. ఎనభై రెండు తర్వాత ఎనభై అన్నాను. లెక్క తప్పింది. కాలు తప్పలేదు.

"ఎనిమిదో క్లాసు ఎలాగ పాసయ్యావురా నువ్వు?" అని అరిచాడు చిన్నారావు. "మేష్టరికి కోడిని ఇచ్చుంటావు!"

నీలిమ నవ్వుతూ నన్ను పిలిచింది. "చూస్తారా మావయ్యా? ఇదే మీరు."

లాప్‌టాప్ మీద నల్లటి తెర. దాని మీద తెల్లటి చుక్కలు, పదో పదిహేనో. ముఖం లేదు. బట్ట లేదు. ఆడో మగో లేదు. ఆమె ఏదో నొక్కింది. చుక్కలు నడిచాయి.

నర్సమ్మ నడిచింది.

చెయ్యి తొడ మీద పడుతోంది. కుడి భుజం లేస్తోంది. నడుము పక్కకు ఒరిగి మళ్ళీ సర్దుకుంటోంది. చివరకు వెళ్ళి, తిరిగే ముందు ఒక్క క్షణం ఆగింది. తిరగనా అని ఎవరినో అడుగుతున్నట్టు. ఆ ఆగడం కూడా నేర్చుకున్నానని నాకే తెలియదు.

చిన్నారావు నా వెనకకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో టీ గ్లాసు నోటి దాకా పోయి ఆగింది.

"మావయ్యా," అంది నీలిమ, "చిన్నప్పుడు మీకు పోలియో వచ్చిందా?"

"లేదు. పడ్డాను."

"ఏ వయసులో?"

"నలభై ఆరు."

నోటు పుస్తకం చూసుకుంది. తెర చూసింది. "అజీబ్, వింతగా ఉంది. మీ రెండు కాళ్ళూ సమానం. కానీ ఈ నడక పొట్టి కాలిది. రెండంగుళాలు పొట్టి. పెద్దయ్యాక పడ్డోళ్ళు ఇలా నడవరు. ఇది చిన్నప్పట్నుంచి నడిచిన నడక. ఒళ్ళంతా దాని చుట్టూ పెరుగుతాది."

నర్సమ్మ కాలు పొట్టి. నాది కాదు. ఆ పొట్టితనాన్ని కూడా నేను మోసుకొచ్చాను. డాక్టర్లు నలుగురు చూశారు. ఎవరికీ టేపు తీయాలని తోచలేదు. డాన్సరుకు తోచింది.

"నీ మిషను తప్పు సెప్తన్నాది."

"అవ్వొచ్చు," అంది.

వెంటనే ఒప్పుకునేవాళ్ళను నేను నమ్మను.

బయట స్కూటర్ ఆగింది. మనోహర్ లోపలికి వచ్చాడు. "ఎలాగ నడిచాడు మా నాన్న?"

"ఫస్ట్ క్లాస్," అంది నీలిమ, లాప్‌టాప్ మూస్తూ.

ఎందుకు మూసింది? వాడికి ఎందుకు చూపలేదు? దారి పొడుగునా అదే ఆలోచించాను. చెప్పేది ఉన్నవాడు అక్కడికక్కడ చెప్పేస్తాడు. దాచుకున్నాడంటే, ఎప్పుడు తీయాలో వాడికి తెలుసన్నమాట.

రెండు రోజుల తర్వాత మనోహర్ అన్నం తింటూ చెప్పాడు. వచ్చే నెల సెక్టర్ ఆరులో నీలిమ ప్రోగ్రాం. వాళ్ళ డిపార్టుమెంటు ఆఫీసర్లను కూడా పిలిచిందట. నాకు లెక్క కుదిరింది. తండ్రీ కూతుళ్ళు చోటు చూసుకున్నారు, రోజు చూసుకున్నారు, చూడవలసినవాళ్ళను పిలుచుకున్నారు.

మర్నాడు మనోహర్ డ్యూటీకి వెళ్ళాక ఆటో ఎక్కి క్యాంప్ వన్ వెళ్ళాను. మధ్యాహ్నం మూడు. చిన్నారావు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నీలిమ నేల మీద లాప్‌టాప్ ముందు ఉంది.

"అది సెరిపియ్యి," అన్నాను.

"ఏది మావయ్యా?"

"నాటకాలు నాకాడొద్దు. మీ అయ్య పంపితే వొచ్చావు. ఉద్యోగం మీకు రాలేదని ఇరవై రెండేళ్ళు కూకున్నారు. ఇప్పుడు మిషనెట్టి పట్టుకున్నారు. ఆఫీసర్లని కూడా పిలిసినారు. సెప్పీసుకోండి. ఊరంతా సెప్పీసుకోండి. కాలు బాగున్నోడు కుంటినాడని సెప్పండి. కానీ నా కొడుకు జోలికి రావొద్దు. ఆడికేటీ తెల్దు."

తండ్రీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు చూశాక నాకు అర్థమయింది. వాళ్ళకు ఏమీ తెలియదు. ఇప్పుడు నేనే చెప్పాను.

చిన్నారావు చెయ్యి చాపాడు. కూతురు పట్టుకుని లేపి కూర్చోబెట్టింది.

"అయితే నీ కాలు..."

నేను తొడ మీద చెయ్యి తీసేశాను.

"అది నర్సమ్మ నడక," అన్నాడు. "మొన్న సూడగానే నా గుండె జల్లుమంది. నేనేటనుకున్నానో తెలుసా? మొగుడూ పెళ్ళాం నలభయ్యేళ్ళు కలిసుంటే నడక కూడా ఒకటైపోద్ది కాబోలనుకున్నాను. దీనికి సెప్పాను కూడా. నీ పుస్తకంలో రాసుకోయే అన్నాను."

"నేను నవ్వాను," అంది నీలిమ. "అలా ఉండదు నాన్నా అన్నాను."

"ఆ ఉద్యోగం సంగతి వొదిలియ్యి. దానికి రాకపోతే పోనాది. నాకొకటి సెప్పు," అన్నాడు చిన్నారావు. "మా ఆడది పోయినప్పుడు నర్సమ్మ రాలేదు. అక్కా సెల్లెళ్ళలాగ తిరిగినోళ్ళు. కబురెట్టాను. రాలేదు. కొడుక్కి ఉద్యోగమొచ్చిందని కళ్ళు నెత్తికెక్కినాయనుకున్నాను. దాన్ని తిట్టాను. అది సచ్చిపోయిందని తెలిసినాక కూడా తిట్టాను. ఎందుకు రాలేదురా?"

చెప్పాను. రెండు ముక్కల్లో చెప్పాను. అంతకంటే ఎక్కువ చెప్పడానికి లేదు.

చిన్నారావు మళ్ళీ బల్ల మీద పడుకుని గోడ వైపు తిరిగిపోయాడు. "ఈడిని పంపియ్యే," అన్నాడు.

నీలిమ నన్ను పంపలేదు. లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

"ఆ ఉద్యోగం వచ్చుంటే నేను ఈరోజుకీ గేటులో కార్డు చూపించుకుంటూ ఉండేదాన్ని. మీకు థాంక్స్ చెప్పాలేమో." ముఖంలో నవ్వు లేదు. "రూల్ చెప్తాను. వద్దనుకున్నోళ్ళు ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఇది మీ ఫైలు. ఇక్కడ నొక్కితే పోతాది. మీరే నొక్కండి."

"కాపీ ఉండదా?"

"ఉండదు. నమ్మరు కదా?"

"నమ్మను."

"అత్తయ్య నడిచిన వీడియో మీ ఇంట్లో ఉందా?"

లేదు. ఫోటోలు రెండున్నాయి. రెండింటిలోనూ కూర్చునే ఉంది. మనోహర్ పెళ్ళిలో వీడియో తీశారు. ఆ రోజంతా నర్సమ్మను ఒక కుర్చీలో కూర్చోబెట్టాను. అక్షింతలు వేయడానికి కూడా పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ ఆమె దగ్గరకే రప్పించాను. పెద్దరికం అనుకున్నారు అందరూ.

తెర మీద చుక్కలు నడుస్తున్నాయి. ఆ చివరకు పోయి ఆగి, తిరిగి, మళ్ళీ వస్తున్నాయి. వేలు మీట మీద పెట్టాను. చుక్కలు ఇటు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. వచ్చాయి. మళ్ళీ పోయాయి.

వేలు తీసేశాను. ఎలాగూ దీని దగ్గర కాపీ ఉంటుంది, నొక్కి లాభం లేదు అని నాకు నేను చెప్పుకున్నాను.

"ప్రోగ్రాంలో వాడుకోనా?" అంది. "పేరుండదు."

"మావోడు రాకూడదు. ఆ రోజు ఆడికి బి షిఫ్టు, రాత్రి పదిదాకా డ్యూటీ. నువ్వు పిలవకు."

"నేను పిలవను."

కాగితం పెట్టింది. సంతకం చేశాను. ఎందుకు చేశావని ఆమె అడగలేదు. గోడ వైపు తిరిగినవాడు ఇటు తిరగలేదు.

ఏప్రిల్‌లో ఆ ప్రోగ్రాం జరిగింది. సాయంత్రం ఆరింటికి, సెక్టర్ ఆరు హాల్లో. నేను చివరి వరసలో కూర్చున్నాను. ఆఫీసర్లు ముందు వరసలో ఉన్నారు. ఎవరెవరి వైపు చూస్తున్నారో చూస్తున్నాను. లైట్లు ఆర్పబోతుండగా పక్క కుర్చీలో ఎవరో కూర్చున్నారు. మనోహర్.

"డ్యూటీ మార్చుకున్నాను," అన్నాడు. "మా నాన్న నడక నేను సూడొద్దేటి?"

లేచి పోదామనుకున్నాను. లైట్లు ఆరిపోయాయి.

పాటా లేదు, వాయిద్యం లేదు. చెక్క పలకల మీద చెక్క చెప్పుల చప్పుడు. ఒక్కొక్కరే వచ్చారు. కుర్ర డాన్సర్లు. మొదటివాడు నడవగానే పోల్చుకున్నాను. మూతలు ఎత్తడంలో కుడి చెయ్యి సాగిపోయినవాడి నడక అది. రెండో నడక, మూడో నడక, అన్నీ నాకు తెలిసినవే. ఆరోది చిన్నారావు నడుము. జనంలో ఎవరో ఈల వేశారు. ఆరుగురూ ఒకచోట నిలబడకుండా, అడుగు ఆనీ ఆనకుండా తిరుగుతున్నారు. పైకప్పు మీద మేము తిరిగినట్టే. ఇన్నాళ్ళకు దాన్ని కింద నుంచి చూశాను.

ఏడో మనిషిగా నీలిమ వచ్చింది. చెప్పులు లేవు. తొడ మీద చెయ్యి వేసింది. భుజం లేచింది. నడిచింది. చివరకు వెళ్ళి, తిరిగే ముందు ఆగింది.

ఆరుగురూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆమె తిరగలేదు. నేరుగా పోయింది. స్టేజీ అంచు దాకా పోయింది, మెట్లు దిగింది, కుర్చీల మధ్య నుంచి జనంలోకి నడిచింది. ఎక్కడికి కావాలంటే అక్కడికి పోయింది. మా వరస దాకా వచ్చి దాటిపోయింది. మా వైపు చూడలేదు.

నేను స్టేజీ వైపు చూడడం మానేశాను. కొడుకు ముఖం చూశాను. చీకట్లో ఏమీ కనబడలేదు. ఊపిరి మాత్రం వినబడింది.

అయిపోయాక జనం చప్పట్లు కొట్టారు. ఆఫీసర్లు కూడా కొట్టారు. వాళ్ళకు ఏమీ తెలియలేదు. మనోహర్ స్కూటర్ స్టాండు దాకా వచ్చాడు. తాళం పెట్టాడు. తిప్పలేదు.

"నాన్నా. అది అమ్మ."

"ఆడమనిషి ఎవలు కుంటినా అలాగే ఉంటాది," అన్నాను. ఆ జవాబు ఎప్పుడో సిద్ధం చేసుకున్నాను.

"నాకు తెలుసు."

"ఏటి తెలుసు?"

"అప్పుడే తెలుసు." వాడు హ్యాండిల్ వైపు చూస్తూ చెప్పాడు. "క్రికెట్ ఆడతంటే వానొచ్చీసింది. ఇంటికొచ్చీసాను. తలుపేసుంది. కిటికీలోంచి సూసాను. అమ్మ ముందు, నువ్వు వెనక. ఇద్దరూ గదిలో గుండ్రంగా తిరుగుతున్నారు. ఒక్కలాగే ఊగుతున్నారు. డాన్స్ ఆడతన్నారనుకున్నాను. నవ్వొచ్చి ఎల్లిపోయాను. తర్వాత డాక్టర్ల బోర్డు రోజున నువ్వు ఆటో దిగి నడిచావు కదా. అప్పుడు అర్థమయింది."

ఇరవై రెండేళ్ళు. నా చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు. నలుగురిలో నా కాలు గురించి చెప్పుకున్నాడు. వాడు చెబుతుంటే నేను తల దించుకునేవాడిని, అబద్ధం వాడి కళ్ళలో పడకూడదని.

"మరి అందరితోటీ అలాగ సెప్పీవోడివి?"

"మరేటి సెప్పమంటావు?"

నిజమే. చెప్పడానికి ఇంకేముంది. కానీ నాకు ఇంకొకటి కావాలి.

"మీ అమ్మ బయిటికి ఎందుకు రాదో కూడా తెలుసా నీకు?"

తాళం అటూ ఇటూ కదిపాడు.

"తెలుసు."

ఎదురుగా ఎవరో స్కూటర్ తీస్తున్నారు. వాళ్ళు పోయేదాకా ఇద్దరం ఆగాం.

"ఒకసారి నన్నడిగింది," అన్నాడు. "మైత్రీ బాగ్‌లో తెల్లపులి ఉందట కదా, ఒకసారి తీసుకెళ్ళరా అంది. నాన్ననడుగు అన్నాను."

"నన్నడగలేదు."

"అడగదు కదా."

వాడికి తెలియకూడదని ఆమెను లోపల పెట్టాను. వాడికి తెలుసు. తెలిసి వాడు కూడా తలుపు తీయలేదు. ఒక తలుపుకు ఇద్దరం కాపలా ఉన్నాం, ఒకరికి తెలియకుండా ఒకరం.

"రేపు క్యాంప్ వన్ ఎల్లు," అన్నాను. "చిన్నారావు ఇంటికి. వాళ్ళ ఆడది పోయినప్పుడు మీ అమ్మ ఎందుకు రాలేదో నేను సెప్పాను. నీకు తెలిసి కూడా నువ్వెందుకు తేలేదో నువ్వు సెప్పు."

మనోహర్ తల ఎత్తాడు. హాలు మెట్ల మీద ఆఫీసర్లు నవ్వుకుంటూ దిగుతున్నారు. వాళ్ళ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇప్పుడెందుకు నాన్నా అవన్నీ? ఆ నోటా ఈ నోటా పడితే ఉద్యోగం... పదిహేడేళ్ళ సర్వీసు ఉన్నాది ఇంకా."

వాడి ముఖం చూశాను. ఇది నేను వాడికి ఇచ్చిన ఉద్యోగం. దాంతోపాటు ఏం ఇచ్చానో అప్పుడు చూశాను.

తాళం తిప్పాడు. బండి స్టార్టయింది.

"ఎక్కు నాన్నా. రుఆబాంధా దూరం."

ఎక్కలేదు. వాడు ఇంకో రెండుసార్లు పిలిచాడు. మెట్లు దిగిన ఆఫీసరొకడు మా వైపు వస్తున్నాడు. మనోహర్ అతనికి నమస్కారం పెట్టి, నా వైపు ఒకసారి చూసి, బండి పోనిచ్చాడు.